రేచర్ల రుద్ర సేనాని – ఆయన పేరును తిరిగి నిలిపినవారు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఈ ప్రాంతపు చరిత్రమును గూర్చి ఒక వ్యాసము వ్రాయవలెనని మిత్రులు కోరినప్పుడు, నేను రామగిరి దుర్గమును గూర్చి వ్రాయుదునని పెక్కురు తలచియుందురు. అది సహజమే. ఆ కొండ సెంటినరీ కాలనీకి చేరువనే నిలిచియున్నది. కాకతీయుల పతనానంతరము ముప్పభూపాలుడు ఆ దుర్గము రాజధానిగా సబ్బినాటిని ఏలెను. ఆయన మంత్రియగు కందనామాత్యునకు మడికి సింగన తన పద్మపురాణమును అంకితమొసగెను. నీతిగ్రంథములనుండి పద్యములను ఏర్చి కూర్చి “సకలనీతిసమ్మతము” అను సంకలనమును మన భాషకు ఇచ్చినవాడును ఆ సింగనయే. ఇవి యన్నియు తీరికగా వ్రాయదగిన సంగతులు. కాని ఈ వ్యాసమునకు నాయకుడు అంతకు పూర్వుడు. కవి కాడు, రాజును కాడు. ఒక రాజ్యమునకు రాజు లేని కాలమున దానిని చెదరకుండ పట్టి నిలిపిన సేనాని. ఆయన పేరు రేచర్ల రుద్రుడు.

ఆయన కథకు మన ప్రాంతమున ఒక సాక్ష్యము కలదు. అది మంథని శాసనము. దాని తేదీ 1199 డిసెంబరు 26. కాకతీయ గణపతిదేవుడు పాలకుడుగా పేర్కొనబడిన శాసనములలో ఇంతవరకు దొరికినవానియందు ఇదియే మొట్టమొదటిది. ఆయనను సకలదేశ ప్రతిష్ఠాపనాచార్యుడని అది కీర్తించుచున్నది. చెదరిన దేశములను మరల నిలిపినవాడని ఆ బిరుదమునకు అర్థము. సింహాసనమెక్కి ఎక్కకముందే ఒక యువకునకు ఇంతటి బిరుదము ఎట్లు వచ్చెను? ఆ దేశములు చెదరుటకు కారణమేమి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకువాడు మంథనినుండి బయలుదేరి, భూపాలపల్లి మీదుగా అడవిదారిన ములుగు సీమలోని పాలంపేటకు పోవలసియుండును.

పన్నెండవ శతాబ్దపు కడపటి సంవత్సరములు కాకతీయులకు మిక్కిలి చెడుకాలము. హనుమకొండలో వేయిస్తంభముల గుడిని 1163లో ప్రతిష్ఠించిన రుద్రదేవుడు, తన పరిపాలనాంతమున దేవగిరి యాదవులతో తలపడి 1195 ప్రాంతమున యుద్ధభూమిలో మరణించెను. (ఆ రుద్రదేవుడు రాజు, మన రుద్రుడు సేనాని, పేరు ఒకటియగుటచే పలువురు వీరిని ఒకరుగా కలిపివేయుదురు.) ఆయన తమ్ముడు మహాదేవుడు రాజ్యమునకు వచ్చి, మూడేండ్లు గడువకముందే, ఆ యాదవులమీదికే దండెత్తి దేవగిరి ముట్టడిలో ప్రాణములు విడిచెను. మహాదేవుని కుమారుడగు గణపతి శత్రువుల చేతికి చిక్కి చెరలోనుండెను. అన్నయు తమ్ముడును యుద్ధములో పోయిరి. వారసుడు పరరాజు బందీ. అట్టి సమయమున సామంతులు తమ తమ కోటల తలుపులు మూసికొని స్వతంత్రులమని ప్రకటించుకొనుట లోకమున ఎల్లెడల జరిగిన పనియే. ఓరుగల్లు రాజ్యము ఆనాడే ముక్కలై యుండినచో, రుద్రమదేవి లేదు, ప్రతాపరుద్రుడు లేడు, మనము నేడు గర్వముగా చెప్పుకొను కాకతీయయుగములో ముప్పాతిక పాలు లేదు.

ఆ ముక్కలగుట జరుగలేదు. పాలంపేట శాసనము దీనికి కారణము రేచర్ల రుద్రుడని చెప్పును. ఆయన వంశము కాకతీయుల సేవయందు తరతరములుగా నుండినది. ఆ వంశపు పూర్వుడగు బ్రహ్మసేనాని కాంచీపుర ద్వారములను తెరచినవాడని అదే శాసనము కొనియాడుచున్నది. రుద్రుడు ఎదురుతిరిగినవారిని అణచెను. నాగతి యను రాజు ఆయన ధాటికి నిలువలేక పారిపోయినట్లు శాసనమువలన తెలియుచున్నది. కాకతిరాజ్య భారమును మోసిన ధౌరేయుడని, కాకతిరాజ్య సమర్థుడని ఆయనకు బిరుదములు వచ్చినవి. ధౌరేయుడన కాడి మోయు ఎద్దు. మన పూర్వులు సింహమును, పులిని బిరుదములలో విరివిగా వాడిరి. కాని రాజ్యభారమును ఈడ్చినవానికి ఎద్దు పోలికయే తగినదని ఆ శాసనకవికి తోచినది. నాకు ఆ కవియెడల మిక్కిలి గౌరవము కలదు.

ఇచ్చట చరిత్రకారునకు ఒక చిక్కు వచ్చును. యాదవుల పక్షమున వ్రాసిన హేమాద్రి మొదలగువారు మరియొక మాట చెప్పిరి. తమ రాజు జైతుగి తెలుగురాజును వధించి, పిదప గణపతిని చెరనుండి విడిపించి అనుగ్రహించెనని వారి పాఠము. ఆ పాఠము ప్రకారము గణపతి రాజ్యము యాదవుల దయవలన వచ్చినది. పాలంపేట పాఠము ప్రకారము రుద్రుని భుజబలమువలన నిలిచినది. రెండును ఆయా పక్షముల ప్రశస్తులే యగుటచే కొంత తగ్గించి చదువవలెను. నా తలపున ఈ రెండిటికి వైరము లేదు. బందీని విడిచిపెట్టుట జైతుగి చేసినదే కావచ్చును. కాని విడుదలయైన రాజకుమారుడు తిరిగివచ్చి కూర్చుండుటకు ఒక గద్దె, ఆజ్ఞాపించిన కదలుటకు ఒక సైన్యము, పన్నులు చెల్లించు ఊళ్ళు మిగిలియుండవలెను గదా. ఆ మిగిల్చిన పని రుద్రునిది. మరియొక సంగతి కూడ గమనింపదగినది. రాజు లేని రాజ్యము, చేతిలో సైన్యము. ఇట్టి స్థితిలో గద్దెను తానే ఎక్కిన సేనానులు చరిత్రలో కొల్లలు. రుద్రుడు అట్లు చేయలేదు. గణపతి వచ్చిన దినమున రాజ్యమును అప్పగించి పక్కకు తొలగెను. ఆ గణపతియే 1262 వరకు అరువదిమూడేండ్లు ఏలి, తెలుగునేలలో అధిక భాగమును ఒక్క గొడుగు క్రిందికి తెచ్చెను. మంథని శాసనములోని బిరుదమున సగము పాలు రుద్రునకు చెందవలసినదని నేననుకొందును.

యుద్ధములు ముగిసిన పిదప ఈ సేనాని చేసిన పని ఏది? శకవర్షము 1135, శ్రీముఖ సంవత్సరము, చైత్రశుద్ధ అష్టమి ఆదివారమునాడు, అనగా 1213 మార్చి 31న, ఆయన ఒక శివాలయమున దేవుని ప్రతిష్ఠించి, తన పేరుమీదుగా రుద్రేశ్వరుడని పిలిచెను. దేవుని భోగములకై ఊళ్ళను దానమిచ్చెను. శాసనములో అతుకూరు, రణకుడె అను స్థలనామములు కనబడును. ఆ రెండును నేడు జనుల నోట లేవు. గుడికి దాపున కొండల నడుమ కట్టవేసి గొప్ప చెరువును నిర్మించిరి. కాకతీయ సేనానులకు ఇది ఒక సంప్రదాయమువంటిది. దివిసీమను గెలిచిన మల్యాల చౌండ సేనాని కొండపర్తిలో 1203 నాటి శాసనమును నిలిపెను. పాఖాల చెరువును కట్టించినవాడు జగదాల ముమ్మడి. గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని 1253–54 లో “నృత్తరత్నావళి” యను నాట్యశాస్త్రగ్రంథమును వ్రాసెను. ఏనుగుల దండును నడపినవాడు అడుగుల లయను గూర్చి శాస్త్రము వ్రాయుట నేటివారికి వింతగా తోచవచ్చును. ఆనాటివారికి తోచినట్లు లేదు. కత్తి పట్టినవాని కీర్తి కత్తితోనే ముగియరాదని, నీరు, గుడి, విద్య అను మూడింటిలో ఒకటియైన వెనుక విడువవలెనని ఆ కాలపు నాయకులు భావించిరి. చెరువు క్రింద పొలము పారిననే గుడికి దీపము వెలుగును. కావున ఈ రెండును వేరువేరు పుణ్యకార్యములుగాక, ఒకే లెక్కలోని రెండు పద్దులు.

ఆలయ నిర్మాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ముఖ్యముగా బొగ్గుబావులలో పనిచేయు చదువరులకు అందొక అంశము మిక్కిలి పరిచితము. గుడి తూర్పుముఖమై, ఆరడుగుల ఎత్తుగల నక్షత్రాకారపు అరుగుమీద నిలిచినది. గోడలు ఎఱ్ఱని ఇసుకరాయి. రంగమండపపు స్తంభములు, దూలములు, వెలుపలి చూరునకు ఊతగానున్న మదనికా విగ్రహములు నల్లని గట్టిరాయి. ఆ నల్లరాతిపై సానపట్టిన మెరుపు ఎనిమిది వందల యేండ్ల ఎండవానలకు తగ్గలేదు. గోపురపు ఇటుకలు నీటిలో వేసిన తేలును; మట్టిలో ఊకవంటి కాలిపోవు పదార్థము కలిపి కాల్చియుందురని ఊహించుచున్నారు. పైబరువు తగ్గుటకు ఈ ఉపాయము. ఇక క్రింది బరువును మోయుటకు చేసిన ఉపాయము ఇసుక. పునాదికై గొయ్యి త్రవ్వి, ఇసుకతో దట్టముగా నింపి, దానిపై రాతికట్టడము నిలిపిరి. భూమి కదలినను ఆ కదలికను ఇసుక తనలో అణచుకొని పైకి పోనీయదని నిర్మాణశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన బావులలో బొగ్గు తీసిన తావును గోదావరి ఇసుకతో, నీటి ఒరవడిలో గొట్టములగుండ పంపి నింపుట పూర్వమునుండి గల పద్ధతి. దానిని శాండ్ స్టోయింగు అందుము. చుట్టును కదలకుండ కట్టిపడవేసిన ఇసుక ఎంతటి బరువునైన మోయునని చదువుకొన్న ఇంజనీరుకంటె ముందుగా స్టోయింగు కూలీకి తెలియును. పాలంపేట పనివానికిని ఆ సంగతి తెలిసియుండినది. ఒక చోట ఇసుక పైకప్పును నిలుపుచున్నది, మరియొక చోట దేవుని గుడిని.

ఇంతటి ఆలయమును కట్టించిన సేనాని పేరు జనుల నోటినుండి ఎప్పుడు జారిపోయినదో చెప్పలేము. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిదప ఈ అడవి సీమలో పూజలు, దానములు, ఊళ్ళు అన్నియు తారుమారైనవి. గుడి మాత్రము రామప్ప గుడి, చెరువు రామప్ప చెరువు అయినవి. రామప్ప యనువాడు శిల్పియనియు, దేశములో శిల్పి పేర వెలసిన గుడి ఇదియొక్కటే యనియు ఎల్లవారు చెప్పుదురు. ఇది మనోహరమైన నమ్మకము. కట్టించినవానిని మరచి కట్టినవానిని తలచుకొన్న జనుల సంస్కారము మెచ్చదగినదే. కాని శాసనములో రామప్ప యను పేరు లేదు. దేవుని రామలింగేశ్వరుడని పిలుచు వాడుక ఒకటి ఉన్నందున, రామప్ప యను మాట అందుండి పుట్టియుండుటకును అవకాశము కలదు. నమ్మకమును తోసివేయుటకు నాకు మనసొప్పదు; అయితే నమ్మకమును శాసనముతో సమానముగా నిలుపుటకును ఒప్పదు. శిల్పుల శ్రమను గౌరవించుటకు ఒక పేరు అవసరమైనచో రామప్ప యను పేరు దానికి చాలును. సేనానికి మాత్రము ఊహతో పనిలేదు. ఆయన తన పేరును, తేదీని రాతిమీద వ్రాయించియే పోయినాడు. చదువువారు లేకపోవుటయే కొరత.

చదువువారు ఇరువదవ శతాబ్దమున వచ్చిరి. 1914లో హైదరాబాదు రాజ్యమున పురావస్తుశాఖ ఏర్పడి గులాం యజ్దానీ దానికి అధిపతియైన పిదప, పాలంపేట గుళ్ళు లోకమునకు తెలియవచ్చినవి. బార్నెటు పండితుడు పాలంపేట, ఉప్పరపల్లి శాసనములను పరిష్కరింపగా 1919లో అవి హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో వెలువడినవి. 1922లో యజ్దానీ రచించిన పాలంపేట దేవాలయముల గ్రంథము వచ్చినది. కాని ఇవి ఇంగ్లీషున వ్రాసిన పుస్తకములు. పాలంపేట రైతునకు గాని, మంథని బడిపంతులునకు గాని అందునవి కావు.

తెలుగువారికి తెలుగులో తమ శాసనములను అందించుటకు పూనుకొన్నవి సర్కారు శాఖలు కావు, గ్రంథాలయములనుండి పుట్టిన సంఘములు. ఈ సంగతి గ్రంథాలయ సంచికలో చెప్పుకొనదగినది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. మొదటిదానికి ఊపిరిపోసినవారిలో ఒకరగు కొమఱ్ఱాజు లక్ష్మణరావు 1923లో కీర్తిశేషులైన పిదప, ఆయన పేర లక్ష్మణరాయ పరిశోధక మండలి నడచినది. ఆదిరాజు వీరభద్రరావు ఆ మండలికి ప్రాణమువంటివారు. శేషాద్రి రమణ కవులు ఊరూర తిరిగి శాసనముల ప్రతులు ఎత్తిరి. ఎండలో, ముళ్ళకంపలలో, పశువుల కొట్టములలో పడియున్న రాళ్ళను కడిగి, తడి కాగితము అదిమి అక్షరములను దింపుకొనుట ఎంతటి ఓపికతో కూడిన పనియో చేసినవారికే తెలియును. ఆ కృషి ఫలముగా “తెలంగాణా శాసనములు” మొదటి సంపుటము 1935లోను, రెండవది 1960లోను వెలువడినవి. ఆ పుస్తకములు అలమరలోనున్న గ్రంథాలయము చిన్నదైనను ధనికమే.

ఆ వరుసలో మనకాలమున పనిచేసిన సంఘము ఓరుగల్లు కేంద్రముగాగల కాకతీయ హెరిటేజ్ ట్రస్టు. ఐ.ఏ.ఎస్. ఉద్యోగమునుండి విరమించిన బి.వి. పాపారావు, ఓరుగల్లు నిట్ కళాశాలలో ఆచార్యులుగా పనిచేసిన ఎం. పాండురంగారావు మొదలగువారు దీనికి పూనికవహించిరి. వీరు పట్టుకొన్న పని కష్టతరమైనది. శాసనము చదువుట ఒక యెత్తు. ఆ శాసనము చెప్పుచున్న కట్టడము లోకమంతటికి విలువగలదని పరదేశీయ నిపుణుల యెదుట నిరూపించుట మరియొక యెత్తు. 2014లో వేయిస్తంభముల గుడి, ఓరుగల్లు కోటలోని కీర్తితోరణములు, రామప్ప గుడి మూడును కలిపి యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేర్పబడినవి. అయితే మూడు చోట్ల విడివిడిగానున్న కట్టడములను, అందును చుట్టును నగరము పెరిగిపోయినవానిని, ఒక్కటిగా నిలబెట్టుట సులువు కాలేదు. కడకు పాలంపేట ఒక్కదానినే ముందునకు తెచ్చిరి. ఇసుక పునాది, తేలు ఇటుకలు, నాట్యశిల్పములు అను విషయములపై చిత్రములతో, కొలతలతో దస్తరము సిద్ధమైనది. దాని రచనలో బెంగుళూరు కళాచరిత్రజ్ఞురాలు చూడామణి నందగోపాల్ సాయపడిరి. రాష్ట్రప్రభుత్వము, కేంద్ర పురావస్తుశాఖ తమ వంతు పని చేసినవి. 2021 జూలై 25న, చైనాలోని ఫూచౌ నగరము వేదికగా, కోవిడ్ కారణమున తెరలమీద జరిగిన నలువదినాల్గవ సమావేశమున ఈ ఆలయము ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటింపబడినది. భారతదేశమునందు ముప్పదితొమ్మిదవది, తెలంగాణమునందు మొదటిది.

దస్తరములో ఆలయమునకు పెట్టిన పేరు గమనింపదగినది. రామప్ప గుడి యని మాత్రమే వ్రాసియుండినను ఎవ్వరును ఆక్షేపించియుండరు. యాత్రికులకును, పటములకును, బస్సులకును ఆ పేరే అలవాటు. వారు రుద్రేశ్వరాలయము అని వ్రాసిరి. సేనాని 1213లో పెట్టిన పేరు ఎనిమిది వందల ఎనిమిదేండ్ల పిదప ప్రపంచపు పట్టికలోనికి ఎక్కినది. విగ్రహము నిలిపి, పూలదండ వేసి, ఏటేట ఉపన్యాసమిచ్చి సైనికుని గౌరవించుట మనకు తెలిసిన పద్ధతి. ఆయన తన చేతులార పెట్టిన పేరును ఆయనకు తిరిగి యిచ్చుట అంతకంటె గట్టి గౌరవమని నా అభిప్రాయము.

గౌరవించుటలో ఒక పెడదారి కూడ కలదు. దానిని ఇచ్చట చెప్పివేయుట మంచిది. రేచర్ల యను ఇంటిపేరును పట్టుకొని, ఈయన మావాడు మావాడని కులములవారు వాదించుకొనుట వినుచుందుము. రేచర్ల రెడ్లు వేరు, తరువాతి కాలమున రాచకొండ, దేవరకొండలను ఏలిన రేచర్ల పద్మనాయకులు వేరు. పేరు ఒక్కటియైనంతమాత్రమున రెండు చరిత్రములను ఒకటిచేయరాదు. ఇది చరిత్రజ్ఞులు తేల్చిన విషయము. అంతకు మించిన వాదముతో మనకు పనిలేదు. ఆయన నిలిపినది తన ఇంటిని కాదు, రాజ్యమును. కట్టించిన చెరువు ఎవరి పొలమునకు పారవలెనో కులము చూచి పారుట లేదు.

సేనానులకు శాసనములు మిగిలినవి. సామాన్యపు బంటులకు ఏమి మిగిలినదని అడుగువారుందురు. పలు గ్రామముల పొలిమేరలలో పేరులేని వీరగల్లులు మిగిలినవి. పేరుతో మిగిలిన బంటు అరుదు. అట్టి అరుదైనవానిలో ఒకడు పువ్వుల ముమ్మడి. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి శాసనమొకటి కలదు. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమును చేరిరని, వారి పుణ్యమునకై సోమనాథదేవునకు భూమి దానము చేయుచున్నానని అందు ముమ్మడి చెప్పుకొనెను. ఆయన మల్లికార్జునుని అనుచరుడు. రుద్రమదేవి మరణించిన కాలము మనకు తెలిసినది ఆ చిన్న శాసనమువలననే. దానిని పరిశోధకలోకమునకు తెలిపినవారు పి.వి. పరబ్రహ్మశాస్త్రి. కాకతీయుల ఆస్థానకవులు చెప్పని మాటను ఒక అనుచరుడు రాతిమీద చెక్కించినాడు. రేచర్ల రుద్రుని తలచుకొనునప్పుడు నాకు ఈ ముమ్మడియు తప్పక జ్ఞప్తికి వచ్చును. ఇద్దరును తాము కొలిచినవారికి ఇంకేమియు చేయలేని సమయమున చేయదగినది చేసినవారు.

పట్టికలోనికి ఎక్కినంతమాత్రమున గుడికి కష్టములు తీరలేదు. రామప్పకు ఇరుప్రక్కలనున్న కాటేశ్వర, కామేశ్వరాలయములలో, కామేశ్వరాలయము శిథిలమగుటచే, పురావస్తుశాఖవారు దానిని తిరిగి కట్టుటకై విప్పి, రాతిరాతికిని అంకె వేసి పేర్చిరి. ఆ రాళ్ళు ఏండ్ల తరబడి నేలమీదనే యుండినవి. దేవాదుల ఎత్తిపోతల పథకమునకు సొరంగము త్రవ్వునప్పుడు ప్రేలుళ్ళవలన ఆలయమునకు హాని కలుగునను ఆందోళన బయలుదేరినది. రామప్ప మేలు కోరువారు గట్టిగా మాటలాడిరి. మన ప్రాంతమువారికి ఈ భయమును వివరింపనక్కరలేదు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరుగు వేళకు అలమరలోని గిన్నెలు గలగలలాడుట గని పరిసరములలో సంసారము చేసినవారు ఎరుగుదురు. ఇసుక పునాది భూమి కదలికను అణచునన్నది నిజమే. కాని ఎప్పుడో ఒకమారు వచ్చు భూకంపము వేరు, దినదినము వచ్చు అదురు వేరు. ఎనిమిది వందలయేండ్లనాటి ఇసుక ఎన్ని అదురులకు ఓర్చునో ఎవ్వరును పరీక్షించి చూడరాదు. బొగ్గువలన అన్నము తినుచున్న మనము బొగ్గును తూలనాడుట న్యాయము కాదు. అయితే ఎచ్చట త్రవ్వవలెను, ఎచ్చట ఆగవలెను అను లెక్కలో ఒక సేనాని కట్టించిన గుడిని కూడ అంకెగా వేసికొనుమని చెప్పుటకు మనకంటె తగినవారు లేరు. ఆ పని తెలిసినవారి మాటకు బరువుండును.

గుడిలోని నాట్యశిల్పములు కూడ ఊరకుండలేదు. నటరాజ రామకృష్ణ వానిని, జాయప గ్రంథమును చేర్చి చూచి, యుద్ధమునకు పోవు వీరులు శివుని యెదుట ఆడిరని చెప్పబడు పేరిణిని మరల రంగస్థలమునకు తెచ్చిరి. నేడు తెలంగాణములో బాలురు ఆ నృత్యమును అభ్యసించుచున్నారు. రుద్రుని సైన్యము ఏ అడుగులతో కదలినదో మనకు తెలియదు గాని, ఆయన గోడమీది అడుగులు మాత్రము నేలమీదికి దిగినవి.

చెరువు క్రింద నేటికిని వరి పండుచున్నది. కట్టమీద నడచు రైతు దానిని రామప్ప చెరువనియే పిలుచును. సేనాని పేరు చెప్పిన తల ఊపి, మరల రామప్ప యనియే అనును. ప్రపంచపు పట్టికలో ఆలయము పేరు “కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయము” అని యున్నది. సేనాని పేరు ముందు, జనుల పేరు కుండలీకరణములలో. ఓరుగల్లు ప్రాంతమునుండి పాలంపేటకు పోవు బస్సులలో మాత్రము కండక్టరు కుండలీకరణములలోని పేరునే పిలుచుచున్నాడు.